చెవిపోగు వేసుకున్న కెమెరా

భయం భుజంలోనే ఉంటుందేమో, మనసులో కాదేమో. కెమెరా బెల్టు ఏళ్ళ తరబడి ఒరుసుకుని కాయ కాచిన ఆ ఎడమ భుజంలో. అందుకే కెమెరా లేకుండా ఊరికే కూరలకి వెళ్ళినప్పుడు కూడా ఆ భుజం కాస్త పైకి లేచి ఉంటుంది, ఎవరో వచ్చి గుద్దుకుంటారన్నట్టు. డాక్టరుకి చూపిస్తే నరం పట్టేసిందన్నాడు. నరానికేం తెలుసు, మొన్న మాఘమాసంలో ఏం జరిగిందో.

పైడిరాజు ఇలా ఆలోచించుకుంటూ నిశ్చింత బీమా సంస్థ బ్రాంచి ఆఫీసులో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త కెమెరా సంచి ఉంది. రెండు చేతులూ దాని మీద ఉన్నాయి.

మాఘంలో జరిగింది చిన్న విషయమే. పెళ్ళికూతురికి మంగళస్నానం చేయిస్తున్నారు. ఇంకొంచెం దగ్గరగా వెళ్దామని వంగాడు. వెనకనుంచి ఒక మేనత్త పసుపు గిన్నెతో తోసుకుంటూ వచ్చింది. కెమెరా పసుపు నీళ్ళ గంగాళంలో పడింది. ఆడవాళ్ళందరూ నవ్వారు, శుభం అన్నారు. ఆ నీళ్ళే పెళ్ళికూతురి నెత్తిన పోశారు కూడా. తర్వాత కొత్త కెమెరా వచ్చింది, పెళ్ళాం సింహాచలం చేతి బంగారు గాజులు పోయాయి. ఇదీ పోతే ఇంకొకటి తెచ్చుకోవడానికి ఆ ఇంట్లో ఇక కరిగేదేమీ లేదు. అప్పటినుంచీ పైడిరాజు పెళ్ళిళ్ళలో మనుషుల మొహాలు చూడటం మానేసి మోచేతులు చూడటం మొదలుపెట్టాడు. సంగతి కనిపెట్టింది సింహాచలమే. పొద్దున్న సంచి భుజాన తగిలించి, వాకిట్లోకి నెట్టింది.

"ఇలగ బయపడుతూ కూకోకు మావా. ఎల్లి దానికో ఇన్సూరెన్సు కట్టీసి రా. పోతే ఆల్లే ఇస్తారు, పోకపోతే మనకుంతాది. మరింక నీ బుర్రకి పనేటి?"

బుర్రకి పని లేకుండా చేసే చోటు ఒకటుందంటే ఎవరు మాత్రం వెళ్ళరు?

పైగా ఈ ఆఫీసు అతనికి కొత్త కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు గేదెలకి బీమా చేయించినప్పుడు, చెవికి వేసిన పోగు మీది నంబరు కనబడేలా, పక్కన యజమాని నిలబడి ఉండగా, ఒక ఫొటో కావాలి. గేదె చచ్చిపోతే, అదే నంబరు కనబడేలా ఇంకో ఫొటో కావాలి. ఆ రెండూ తియ్యడానికి సంస్థ ఆమోదించిన ఫొటోగ్రాఫరు ఆ ఊళ్ళో పైడిరాజు ఒక్కడే. రైతుల మొహాలు రెండో ఫొటోలో ఎలా ఉంటాయో అతనికి బాగా తెలుసు.

డెవలప్‌మెంట్ ఆఫీసరు పట్నాయకుని రామలింగస్వామి గారు పిలిపించారు. ఆయన ఎదుట కూర్చున్నవాడితో మాట్లాడుతున్నా సభలో మాట్లాడినట్టే ఉంటుంది.

"చూడు పైడిరాజూ. బీమా అనేది ఒక ఎంపిక. ఎంపిక అనేది పౌరుడికి సంస్థ కల్పిస్తున్న గౌరవం. నీ పరికరానికి ప్రస్తుతం మూడు రకాల రక్షణలు అందుబాటులో ఉన్నాయి. మొదటిది గృహోపకరణాల పాలసీ. ఇంట్లో ఉన్నంతసేపూ సంపూర్ణ రక్షణ."

"ఇంట్లో ఉంటే నాకు కూడు నేదు సార్. బైటికి తీసుకెల్లాల."

"అయితే రవాణా పాలసీ. బయలుదేరిన క్షణం నుంచి చేరిన క్షణం దాకా."

"చేరినాక?"

"చేరిన తర్వాత రవాణా ఏముంది? ఆగిన వస్తువుకి వర్తించదు. నడుస్తూ తియ్యి."

"మూడోది సార్?"

"ఆభరణాల పాలసీ. అన్నిటికన్నా శ్రేష్ఠం. బ్యాంకు లాకర్లో పెట్టాలి. ఇంతవరకూ ఆ పాలసీలో ఒక్క నష్టం నమోదు కాలేదు."

పైడిరాజు కాసేపు ఆలోచించాడు. లాకర్లో కూర్చున్న కెమెరా కళ్ళకి కట్టింది. దాని భుజం మాత్రం ఎత్తుగా లేదు. అసూయ కలిగింది.

"మరి ఫొటో తీసినప్పుడో సార్?"

రామలింగస్వామి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పసివాడికి మరణం గురించి చెప్పేవాడి దయ ఆయన మొహంలోకి వచ్చింది.

"ఫొటో తియ్యడం అంటే ఉపయోగం. ఇంతకాలం సంస్థ జరిపిన పరిశీలనలో తేలిందేమిటంటే, ప్రమాదాలన్నిటికీ మూలకారణం ఉపయోగమే. దాన్ని మినహాయించి మిగతా అన్ని సందర్భాల్లోనూ నిన్ను మేం కాపాడతాం."

పైడిరాజు సంచి భుజానికెత్తుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు. అప్పుడు రామలింగస్వామి గారి గొంతు వెనకనుంచి, కాస్త తగ్గి, కాస్త మామూలు మనిషిలా వినబడింది.

"ఒక్క పాలసీలో మాత్రం ఉపయోగం మినహాయింపు కాదు."

ఆ పాలసీ పశువులది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గేదెలు ఏటేటా తగ్గిపోతున్నాయి. సంస్థ పై ఆఫీసు విధించే లక్ష్యం మాత్రం ఏటేటా పెరుగుతోంది. ఈ రెండిటి మధ్యా నలిగిన మేధస్సు లోంచి ఈ మధ్యనే ఒక సర్క్యులరు పుట్టింది. "పశువు" అన్న సంకుచితమైన మాట తీసేసి "ఉపాధి చరజీవి" అని పెట్టారు. యజమాని వెంట తిరిగేది, మేత తినేది, రోజూ ఎంతో కొంత దిగుబడి ఇచ్చేది ఏదైనా ఆ పద్దు కిందికి వస్తుంది.

"మేతేటి సార్ దీనికి?" అన్నాడు పైడిరాజు.

"ఛార్జింగు పెట్టవూ?"

"పెడతాను."

"మేపుతున్నావన్నమాట. దిగుబడి?"

"పెల్లిల్ల సీజన్లో అయితే..."

"సీజను బట్టి పాలు. అదీ సహజమే. గేదెని పిండితే దాన్ని ఉపయోగం అనరు పైడిరాజూ, పోషణ అంటారు. కాబట్టి నువ్వు నిరభ్యంతరంగా పిండుకో... తీసుకో." ఆయన గొంతు మళ్ళీ తగ్గింది. "పైగా మా విశాల పెళ్ళికి ఫొటోలు నువ్వే కదా. మన పెళ్ళికి వచ్చే కెమెరా మన పాలసీలో ఉంటే నాకూ గౌరవంగా ఉంటుంది."

పైడిరాజుకి ఇందులో తప్పేమిటో వెంటనే దొరకలేదు. తప్పు ఉందని తెలుస్తూనే ఉంది, కానీ ఎక్కడ ఉందో వెతకాలంటే మొదటినుంచీ మొదలుపెట్టాలి. మొదట్లో మూడు పాలసీలున్నాయి. వాటికన్నా గేదె నయమే. మనిషి నమ్మేది నమ్మకం వల్ల కాదు, అలసట వల్ల అని అతనికి తోచింది. తోచినదాన్ని అక్కడే వదిలేసి సంతకం పెట్టాడు.

*

ఆరోగ్య పరీక్షకి సంస్థ తరఫు డాక్టరు మృత్యుంజయరావు గారి దగ్గరికి వెళ్ళాలి. ఆయన పశువైద్యుడిగా రిటైరయ్యారు. పశువులంటే ప్రాణం, యజమానులంటే అసహ్యం. పైడిరాజు వైపు చూడకుండా కెమెరాని బల్ల మీద పెట్టించి, దాని వీపు మీద చెయ్యి వేసి నెమ్మదిగా రాశారు.

"బెదురుతోందా?"

"నేదు సార్."

"నిన్ను కాదు అడిగింది. ఎన్నో ఈత?"

పైడిరాజు నిజాయితీపరుడు. తెలియని ప్రశ్నకి కూడా నిజమే చెప్పాలని చూస్తాడు.

"దీనికి ముందోటి ఉండీది సార్. నీల్లల్లో పడి పోనాది."

"తల్లా?"

"అదే కంపెనీది సార్."

"జాతి ఒకటే. వంశంలో నీటిగండం ఉంది." డాక్టరు గారు రాసుకున్నారు. "పళ్ళు చూపించు."

పైడిరాజు లెన్సు విప్పాడు. లోపల అంచున వరసగా చిన్న చిన్న బంగారు రంగు ముళ్ళు మెరిశాయి. డాక్టరు గారు టార్చి వేసి చాలాసేపు చూశారు. వయసు లేతదే అన్నారు. లెన్సుని వెలుతురుకి పట్టి, కంట్లో పొర వస్తున్నట్టుందని తన పంచె కొంగుతో ఒక తుడుపు తుడిచారు. పైడిరాజు ఎడమ భుజం చెవి దాకా లేచింది.

"కడుపులో ఏమైనా ఉందా?"

"పూడివారి బారసాల ఉంది సార్. ఫొటోలు ఇంకా బైటికి తియ్యనేదు."

డాక్టరు గారి చెయ్యి ఆగిపోయింది. మొదటిసారి పైడిరాజు మొహంలోకి చూశారు.

"లోపల ఉన్నాయి. బయటికి రాలేదు."

"అవును సార్."

"చూడితో ఉన్నదాన్ని భుజాన వేసుకుని ఎండలో తిప్పుతున్నావా? మనిషివేనా నువ్వు?"

సర్టిఫికెట్టులో 'ఆరోగ్యవంతం, చూడి' అని రాసిచ్చారు. రోడ్డెక్కాక పైడిరాజు గమనించాడు, తను సంచిని భుజానికి కాకుండా రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నడుస్తున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కింద ఇంకేదో కూడా ఉంది. ఎవరైనా అడిగితే చెప్పుకోలేనిది, కాస్త గర్వం లాంటిది. సిగ్గు పడాల్సింది దాని గురించే అనుకున్నాడు.

*

చెవిపోగు ఆఫీసులోనే వేశారు. బెల్టు తగిలించే కొక్కేలు అటొకటి ఇటొకటి ఉన్నాయి కనుక చెవులు ఎక్కడున్నాయన్న చర్చ త్వరగానే తేలింది. రామలింగస్వామి గారు స్వయంగా పటకారు తీసుకుని ఎడమ కొక్కేనికి పోగు బిగించారు. అరచేతంత పచ్చటి ప్లాస్టిక్కు బిళ్ళ, దాని మీద నంబరు. వదలగానే అది ఊగి ఊగి సరిగ్గా లెన్సు ముందుకి వచ్చి ఆగింది.

పైడిరాజు కన్ను పెట్టి చూశాడు. లోకంలో సగం పచ్చగా ఉంది.

"కొంచెం ఎనక్కి తిప్పుకోవచ్చా సార్?"

"చెవిపోగు అన్ని వేళలా అందరికీ కనబడుతూ ఉండాలి. కట్టరాదు, మడవరాదు, కప్పరాదు. చెవిపోగు లేకపోతే క్లెయిమ్ లేదు. మా సంస్థకి మూలమంత్రం ఇదే."

ఇక ఫొటో మిగిలింది. చెవిపోగు నంబరు కనబడేలా, పక్కన యజమానితో, సంస్థ ఆమోదించిన ఫొటోగ్రాఫరు తీసినది. ఆ ఫొటోగ్రాఫరే యజమాని. ఉన్న కెమెరా ఆ పశువే. సెల్లుతో తీసినవి పనికిరావు. పైడిరాజు స్టూడియోకి వెళ్ళి, పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చేవాళ్ళు తల దువ్వుకునే నిలువుటద్దం ముందు నిలబడి, బిళ్ళని చేత్తో పక్కకి పట్టుకుని, అద్దంలోకి తీశాడు. కార్డులోంచి ఆ ఒక్క ఫొటోనీ రామలింగస్వామి గారి కంప్యూటరులోకి ఎక్కించాడు.

రామలింగస్వామి గారు కళ్ళద్దాలు సర్దుకుని, దాన్ని రిజిస్టరులోని వివరాలతో పోల్చి చూశారు.

"ఇది వేరే పశువు," అన్నారు చివరికి.

"అదే సార్. అద్దంలో తీసినాను."

"అద్దం సంగతి సంస్థకి తెలియదు. నేను పోగు వేసింది ఎడమ చెవికి. దీనికి కుడి చెవికి ఉంది. నంబరు కూడా తిరగబడి ఉంది. రెండు వేర్వేరు జీవులు."

"ఉన్నదొక్కటే సార్ నాకు."

"ఉన్నది, లేనిది అని నిర్ణయించడానికి నువ్వెవరు, నేనెవరు?" ఆయన గొంతులో ఏదో పూజ చేస్తున్న మెత్తదనం వచ్చింది. "సంస్థ చూసింది ఉన్నట్టు. సంస్థ చూడనిది లేనట్టు. ఇంతకన్నా తత్త్వం లేదు. చూశాను కనుక నమోదు చేస్తున్నాను."

రెండు పశువులు నమోదయ్యాయి. ఆ నెల బ్రాంచి లక్ష్యం పూర్తయింది. రామలింగస్వామి గారు పైడిరాజుకి టీ తెప్పించారు.

*

కొత్తగా చేరిన పశువుకి పక్షం రోజులు నిరీక్షణ కాలం ఉంటుంది. చూడి పశువు అయితే ఆ పక్షం రోజులూ పని చేయించకూడదు, నమోదైన కొట్టంలోనే కట్టి ఉంచాలి. ఈ ముక్క టీ తాగిన తర్వాత చెప్పారు.

కొట్టం తనిఖీకి రామలింగస్వామి గారే వచ్చారు. స్టూడియో అంతా తిరిగారు. వెనక తెర మీద ఉన్న సరస్సునీ, హంసలనీ చూసి పరిసరాలు ఆహ్లాదకరంగా ఉన్నాయన్నారు. బల్ల కాలికి బెల్టుతో కట్టి ఉన్న కెమెరాని చూసి సంతృప్తి వ్యక్తం చేశారు. అంతలో మొహం ముడిచారు.

"నీళ్ళ తొట్టి ఏది?"

సింహాచలం అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నవ్వు ఆపుకుంటోంది. "అది నీల్లు తాగుద్దేటి బావూ?" అంది.

"తాగడం, తాగకపోవడం జీవి స్వేచ్ఛ తల్లీ. తొట్టి పెట్టడం యజమాని విధి."

తొట్టి పెట్టారు. మూతి దాకా నీళ్ళు నింపారు. కెమెరాకి జానెడు దూరంలో.

పసుపు నీళ్ళ గంగాళం నుంచి తప్పించుకుందామని బీమా దాకా వచ్చిన పైడిరాజు ఆ రోజునుంచీ తొట్టి పక్కన కాపలా కూర్చున్నాడు. బల్లి పడినా, గాలికి తెర ఊగినా లేచి నిలబడేవాడు. సింహాచలం అన్నం అక్కడికే తెచ్చి పెట్టేది.

"ఇదివరకు నీకు పెల్లిల్లకెల్తేనే బయం. ఇప్పుడు ఇంట్లోనే అమిరిపోనాది," అంది. "ఇన్సూరెన్సంటే ఇదన్నమాట. నాకు తెల్దు సుమీ."

పింఛను కార్డుకి ఫొటో కావాలని ఒక ముసలాయన వచ్చాడు.

"చూడితో ఉంది తాతా. తియ్యకూడదు," అన్నాడు పైడిరాజు. అన్నాక తన మాట తనకే వినబడింది.

ముసలాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. బల్ల కాలికి కట్టినదాన్నీ, పోగునీ, తొట్టినీ చూశాడు. "అలగేటి. ఈనినాక ఒస్తాన్లే నాయనా," అని వెళ్ళిపోయాడు.

అందరూ ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నారంటే తప్పు తనలోనే ఉందేమో. పైడిరాజు దీని గురించి చాలా ఆలోచించాడు, ఆలోచించడానికి తీరిక ఉంది కనుక. ఒక సాయంత్రం వాన వెలిసింది. వీధిలో బురద మీద ఎర్రటి వెలుతురు పడి, ఎదురింటి పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ దాటుతోంది. మామూలుగా అయితే ఇలాంటిది కనబడగానే కుడి చూపుడువేలు దానంతటదే కదిలేది, కెమెరా ఉన్నా లేకపోయినా. ఆ సాయంత్రం వేలు కదలలేదు. ఆ పిల్ల జారితే చెప్పు ఎగిరి వచ్చి తొట్టిలో పడుతుందా అని మాత్రం ఒక ఆలోచన వచ్చింది. కెమెరా బల్ల కాలికి కట్టి ఉంది, క్షేమంగా ఉంది. పోయింది ఇంకేదో. దానికి ఏ పాలసీ ఉందో రామలింగస్వామి గారిని అడగాలి.

అడగకముందే ఆయనే వచ్చారు, శుభలేఖతో.

"విశాల పెళ్ళి ఈ లక్ష్మివారం. పందిట్లోకి పొద్దున్నే వచ్చెయ్యాలి."

"చూడి కదా సార్. పక్షం దాటనేదు."

ఆయన మొహంలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆడపిల్ల తండ్రి ఒకడు, డెవలప్‌మెంట్ ఆఫీసరు ఒకడు. ఆఫీసరు పెద్దవాడు.

"నిజమే. దాన్ని తాకరాదు. తాకితే నేనే రద్దు చెయ్యాల్సి వస్తుంది." అంతలో ఆయన మొహం వెలిగింది. "రెండోదాన్ని తోలుకురా. అది చూడి కాదు. దానికి డాక్టరు సర్టిఫికెట్టే లేదు."

"రెండోది నేదు సార్."

"లేకపోవడమేమిటి? నా సంతకం ఉంది."

"అది అద్దంలో ఉంది సార్."

"ఎక్కడున్నా దాని బాధ్యత యజమానిదే. పెళ్ళికి హాజరుపరచు."

ఆయన వెళ్ళాక సింహాచలం నిలువుటద్దం దగ్గరికి వెళ్ళి, దాని బరువెంతో రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇంకేటి చేస్తాం మావా? ఇది కూడా మోసుకెల్దాం పద."

*

కల్యాణమండపంలో పైడిరాజుని చూసి దారి ఇవ్వనివాళ్ళు లేరు. ముందు పశువు. వెనక సింహాచలం, ఒక భుజాన లైటు, చంకలో నిలువుటద్దం. చూడి పశువుని కొట్టం దాటించడానికి, పని చేయించకూడదన్న షరతు మీద, రామలింగస్వామి గారు ఒక రోజు అనుమతి పత్రం రాసిచ్చారు. రెండోది మొదటిది లేకుండా కదలదని ఆయన కూడా, చాలా వాదన తర్వాత, ఒప్పుకున్నారు.

కెమెరాని మండపం స్తంభానికి బెల్టుతో కట్టారు. ఎదురుగా కుర్చీలో అద్దం నిలబెట్టారు. మృత్యుంజయరావు గారు టిఫినుల దగ్గరనుంచి లేచి వచ్చి, ఒక చేత్తో పెసరట్టు, ఒక చేత్తో కెమెరా పట్టుకుని చూసి, నెలలు నిండినట్టున్నాయని పెదవి విరిచి వెళ్ళారు. చుట్టాల పిల్లలు చెవిపోగు ఊపి ఆడుకున్నారు. పెళ్ళికొడుకు తరఫు ఒక పెద్దాయన ఇది మీ వైపు ఆనవాయితీయా అని మర్యాదగా అడిగాడు.

"ఇహ మొదలుపెట్టు," అన్నారు రామలింగస్వామి గారు. పట్టుపంచె కట్టుకున్నారు. కండువా కింద మాత్రం ఆఫీసు పెన్ను కనబడుతోంది. "అద్దంలో దానితో తియ్యి."

"అది నొక్కాలంటే ఇది నొక్కాల సార్."

"ఇది నొక్కితే చూడి పశువుతో పని చేయించినట్టు. అది నొక్కితే సంస్థకి అభ్యంతరం లేదు."

"రెండిటికీ మీట ఒకటే సార్."

"వాటి మధ్య ఏమున్నా అది యజమాని చూసుకోవాలి," అని ఆయన కన్యాదానానికి పిలుపు రావడంతో పీటల మీదికి వెళ్ళిపోయారు. వెళ్ళినవారు పూర్తిగా వెళ్ళలేదు. కూర్చుని, మెడ మాత్రం స్తంభం వైపు తిప్పి ఉంచారు.

పైడిరాజు స్తంభానికి కట్టిన కెమెరా వెనకాల నిలబడ్డాడు. ఎదురుగా అద్దం. పదిహేనేళ్ళలో కొన్ని వేల మొహాల వైపు చూసినవాడు, కెమెరా వెనక ఉన్నప్పుడు తన మొహం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. మొన్న స్టూడియోలో కూడా నంబరు తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఒక భుజం ఎత్తిన మనిషి. ఒక కన్ను మూసుకున్నాడు. తెరిచి ఉన్న కన్ను ముందు పచ్చబిళ్ళ వేలాడుతోంది. ఎక్కడో చూసిన మొహం. ఎక్కడ? రైతుల పక్కన, మొదటి ఫొటోల్లో. తల దించుకుని, నంబరు కనబడేలా నిలబడ్డది రైతు కాదు.

పీటల మీద విశాల కుడిచెయ్యి తండ్రి చేతుల్లో ఉంది. దాని కింద పెళ్ళికొడుకు చెయ్యి. తల్లి చెంబుతో నీళ్ళు పోయడానికి సిద్ధంగా ఉంది. పురోహితుడు గోత్రం చెప్పి ఆగాడు, తండ్రి అందుకోవాలి. తండ్రి అందుకోలేదు. ఆయన చూపు కెమెరా చెవి మీద ఉంది.

"నాన్నా," అంది విశాల. పెద్దగా అనలేదు. "ఒక్కసారి ఇటు చూడు."

"ఉండమ్మా. చెవిపోగు లెన్సుకి అడ్డంగా వచ్చింది. వాడు కదుపుతాడేమో."

"కదిపితే?"

"కదపరాదు."

పిల్ల తల దించుకుంది. బాసికం కింద, కంటి అంచున ఏదో కదిలి, మెరిసి, బుగ్గ మీదికి జారుతోంది. సరిగ్గా ఇప్పుడు. ఇంకో ఊపిరి దాటితే ఉండదు.

పైడిరాజు కుడి చూపుడువేలు కదిలింది.

కెమెరాని అద్దం మీంచి పీటల వైపు తిప్పి కన్ను పెట్టాడు. పిల్ల మొహం సగం ఉంది. మిగతా సగం పచ్చగా, నంబరుతో ఉంది. సింహాచలం గాజులు గుర్తొచ్చాయి. పోగు లేకపోతే క్లెయిమ్ లేదు. ఈ కెమెరా పోతే ఇంకో కెమెరా లేదు. ఇవన్నీ నిజాలే. నిజాలన్నీ పచ్చగానే ఉన్నాయి.

పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫరు మాటకి పురోహితుడి మాటకన్నా బలం ఎక్కువ. తాళి కట్టేవాణ్ణి ఆపి మళ్ళీ కట్టమంటే కడతాడు. తలంబ్రాలు మళ్ళీ పోయమంటే పోస్తారు. పైడిరాజు ఇన్నేళ్ళుగా అందరితోనూ అన్నది ఒకటే మాట, ఇటు చూడండి అని. గొంతు సవరించుకున్నాడు.

"సార్. ఇటు చూడకండి. అటు చూడండి."

"ఎటు?"

"అమ్మాయి ఏపు. నాను చెప్పేదాకా ఇటు తిరగొద్దు సార్. ఫొటో పాడైపోద్ది."

సంస్థ చూడనిది లేనట్టే. ఆ సంగతి రామలింగస్వామి గారికి గుర్తొచ్చిందో లేదో తెలియదు. ఒక్క క్షణం తటపటాయించి, ఆయన మెల్లగా మెడ తిప్పి కూతురి మొహంలోకి చూశారు. చూసి, అలాగే ఉండిపోయారు. పెన్ను కండువాలోంచి జారి ఒళ్ళో పడింది. తీసుకోలేదు.

సింహాచలం లైటు వైర్లకి టేపు కత్తిరించే కత్తెర చీర కొంగులోంచి తీసి అందించింది.

పైడిరాజు భుజం దించి, ఎడమ చెవి దగ్గర కత్తెర పెట్టి, పోగు కత్తిరించాడు.